మ్యూట్ తీయని చదువు

"లైనక్సా? సౌండ్ రాదన్నా. విండోస్ వేసిస్త." సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో పాత లాప్‌టాప్ పట్టుకుని షాపుకెళ్తే వినిపించే మాట ఇది. షాపతన్ని తప్పుపట్టను, అతనికి రోజు గడవాలి. నా పేచీ ఆ ఊళ్లలోనే బీటెక్ చదివి అదే మాట అనేవాళ్లతో, వాళ్లకు పాఠం చెప్పినవాళ్లతో.

సౌండ్ రాకపోవడం శాపమేం కాదు. కారణం ఉంటుంది, చదివితే దొరుకుతుంది. కెర్నల్‌ని సొంతంగా కంపైల్ చేసుకునేవాళ్లు ముందు ఎల్‌ఎస్‌పీసీఐ కొట్టి చిప్ ఏదో చూస్తారు. ఇంటెల్ హెచ్‌డీ ఆడియో అయితే మెనూకాన్ఫిగ్‌లో ఆల్సా కింద కంట్రోలర్‌ డ్రైవర్‌ని ఎంచుకుంటారు. అదొక్కటే చాలదు. కంట్రోలర్ డేటాను మోసుకొస్తుంది, దాన్ని ధ్వనిగా మార్చేది కోడెక్. రియల్‌టెక్ లాంటి ఆ కోడెక్‌కి విడిగా టిక్కు పెట్టాలి. కొన్ని కొత్త లాప్‌టాప్‌లకు ఫర్మ్‌వేర్ ఫైలు కూడా కావాలి. అయినా నిశ్శబ్దమేనా? ఆల్సామిక్సర్ తెరవండి. ఆల్సా మొదట్లో ఛానెళ్లను మ్యూట్‌లోనే ఉంచుతుంది. 'ఎంఎం' అని కనిపించిన చోట 'ఎం' నొక్కితే గొంతు పెగులుతుంది.

"ఉబుంటు వేస్తే అన్నీ అవే వస్తాయి, ఈ తిప్పలెందుకు?" అంటారు. వాడుకోవడానికైతే నిజంగానే అక్కర్లేదు. నేను మాట్లాడేది నాలుగేళ్ల చదువు గురించి. డ్రైవర్ అంటే ఏమిటో నిర్వచనం రాసి మార్కులు తెచ్చుకుని, ఒక్క డ్రైవర్ కోడ్ కూడా తెరిచి చూడకుండా పట్టా పుచ్చుకుంటే దాన్ని బట్టీ అనే అనాలి. 1992 నుంచి లైనక్స్ కెర్నల్ జీపీఎల్ లైసెన్సు కింద ఉంది: చదువుకో, మార్చుకో, పంచుకో. పైసా ఖర్చులేని ఆ లైబ్రరీకి తాళం వేసుకున్నది మనమే.

మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ అని ఒక అడ్డదారి ఉంది. ఆ క్షణాన లోడై ఉన్న మాడ్యూళ్లను మాత్రం ఉంచి మిగతావి తీసేస్తుంది. కంపైల్ తొందరగా అయిపోతుంది. కానీ ఆ పూట యూఎస్‌బీ హెడ్‌సెట్ తగిలించి లేకపోతే కొత్త కెర్నల్‌లో దాని డ్రైవర్ ఉండదు. మన చదువులు అచ్చం ఇలాగే కంపైల్ అవుతున్నాయి. ఈ ఏడు ప్లేస్‌మెంట్లలో అడిగింది ఉంచు, మిగతాది పీకెయ్. రేపు కొత్తదేదో వచ్చి తగిలితే పిల్లలకు నోరు పెగలదు.

సాహిత్య పత్రికలో ఈ గోల ఎందుకంటారా? ఒక కథలో చెప్పకుండా వదిలేసిందేమిటని పేజీలకు పేజీలు వాదించుకుంటాం. రోజంతా చూసే యంత్రం దగ్గర మాత్రం చదవకుండానే 'ఐ అగ్రీ' నొక్కేస్తాం. 1946–51 మధ్య "బాంచెన్ దొరా" అనడం మానేసిన నేల ఇది. యంత్రం ముందు మళ్లీ చేతులు కట్టుకుని నిలబడటం నాకు నచ్చదు.

కాబట్టి నా డిమాండ్ చిన్నదే. ప్రతి కాలేజీ ల్యాబులో మూలనపడ్డ మెషీన్లు నాలుగు తీసి పిల్లల ముందు పెట్టండి. కెర్నల్ సోర్స్ ఇవ్వండి, ఒక సెమిస్టర్ టైమివ్వండి. వైవా అక్కర్లేదు. పాట వినిపిస్తే పాస్.