గోడమీది పోస్టర్‌కు గ్రంథాలయంలో చోటు

1968 మే నెలలో పారిస్ విద్యార్థులు బోజార్ కళాశాలను ఆక్రమించుకుని, అందులోని ముద్రణశాలకు ‘అటెలియే పాపులేర్’, అంటే ప్రజల కార్యశాల, అని పేరు పెట్టారు. ఫ్యాక్టరీలూ విశ్వవిద్యాలయాలూ ఏకం కావాలన్న మొదటి పోస్టర్‌ను రాతి అచ్చు మీద తీశారు. ఆ పద్ధతిలో కొన్ని పదుల కాపీలే వచ్చాయి. బయట సమ్మె కోటిమంది దాకా పాకుతోంది. చిత్రకారుడు గీ ద రూజ్‌మాం సిల్క్ స్క్రీన్ తెచ్చాక పని ఊపందుకుంది. శుభలేఖలు అచ్చువేసే తెలుగు పట్టణాలకు కొత్తకాని పద్ధతే అది: చట్రానికి బిగించిన గుడ్డ, రంగు, రబ్బరు స్క్వీజీ. కాగితం పత్రికల ముద్రణాలయాల్లో మిగిలిన న్యూస్‌ప్రింట్.

ఎవరూ సంతకం పెట్టలేదు. ప్రతి నమూనా సర్వసభ్య సమావేశం ముందుకు వచ్చేది. చెబుతున్న రాజకీయం సరైనదేనా, బొమ్మ ఆ మాటను చెబుతోందా అని చర్చించి ఓటు వేసేవారు. పొగగొట్టమే పిడికిలైన ఫ్యాక్టరీ బొమ్మ అలా బయటికొచ్చిందే. జూన్ 27న పోలీసులు ఖాళీ చేయించేనాటికి నమూనాలు వందలకు చేరాయి.

వీటిని అలంకారంగా వాడొద్దని, వీటి చోటు వీధులూ ఫ్యాక్టరీ గోడలేనని వేసినవారు ప్రకటించారు. తర్వాత అవే వేలంపాటల్లో అమ్ముడయ్యాయి. దాచడమే ద్రోహమన్న వాదనలో కొంత బలముంది. కానీ ప్రజా గ్రంథాలయం దాచనిదాన్ని కొనగలిగినవాడు దాస్తాడు. ఏ సమ్మెదో, ఏ ఫ్యాక్టరీదో తెలియని పోస్టర్ అతని ఫ్రేములో ఉత్త బొమ్మే.

ఫ్రాన్స్‌లో జాతీయ గ్రంథాలయానికి చట్టప్రకారం ఇవ్వాల్సిన ముద్రణల్లో పోస్టర్లూ ఉన్నాయి. భారతదేశంలో 1954 నాటి చట్టం కింద ప్రచురణకర్త పుస్తకాన్ని 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, మరో మూడింటికి పంపాలి. కరపత్రమూ, విడిగా అచ్చయిన పటమూ ఆ నిర్వచనంలో పుస్తకాలే. పోస్టర్ మాట మాత్రం లేదు. కరపత్రానికి ఉన్నపాటి చోటు కూడా దానికి దక్కలేదన్నమాట.

ఆ నిర్వచనంలో పోస్టర్‌ను చేర్చాలి. చట్టం మారేదాకా కార్మిక సంఘాలు ఆగనక్కర్లేదు. ప్రతి పోస్టర్‌లోనూ రెండు కాపీలు అంటించకుండా పక్కనపెట్టి, వెనక పెన్సిల్‌తో తేదీ, ఊరు, సమ్మె కారణం, ఎన్ని కాపీలు వేశారో రాసి జిల్లా కేంద్ర గ్రంథాలయానికి ఇవ్వాలి. గీసినవారి పేరు గ్రంథాలయం అడగకూడదు; ఆ పేరు ఒకరి ఉద్యోగం తీయవచ్చు. గోడ నుంచి ఒలిచిన కాపీ నిలవదు, మైదా బంకకు పురుగు పడుతుంది. న్యూస్‌ప్రింట్ వెలుతురుకు పసుపెక్కి పెళుసవుతుంది కనుక చుట్టచుట్టకుండా, మడవకుండా, పరిచి చీకట్లో ఉంచాలి.