ప్రతి వాంతీ గ్యాస్ కాదు

మందుల షాపు నడుపుకునేవాణ్ణి. పాంటాప్రజోల్ ఎంత అమ్మితే నాకంత లాభం. అయినా చెబుతున్నా: నెలల తరబడి గ్యాస్ మాత్ర అడిగే మనిషికి ఇంకో స్ట్రిప్ చేతిలో పెట్టడం వైద్యం కాదు.

మా వీధి పెద్దాయనకు రాత్రి తిన్న మెతుకులు మర్నాడు మధ్యాహ్నం వాంతిలో పడేవి. అందులో పసరు ఉండేది కాదు. కక్కాక హాయిగా ఉండేది, నాలుగు రోజులకు మళ్లీ మొదలు. చివరికి ఎండోస్కోపీ చేస్తే జీర్ణాశయంలో కాడ ఉన్న గడ్డ కనబడింది. తొట్టి కన్నానికి బంతి అడ్డుపడ్డట్టు, అది చిన్నపేగులోకి వెళ్లే ద్వారంలోకి జారి దారి మూసేది, వెనక్కి వస్తే తెరిచేది. అందుకే బాధ వస్తూ పోతూ ఉండేది.

ఆ గడ్డ ‘జిస్ట్’ అనే రకం కణితి. ఇలా అడ్డుపడటం అరుదు. గడ్డను ఆపరేషన్‌తో తీసేశారు. తిరగబెట్టే ముప్పు ఎక్కువైతే ఇమాటినిబ్ మాత్రలు వాడతారు. ఈ మందు బ్రాండైన గ్లివెక్ పేటెంటును 2013లో సుప్రీంకోర్టు తిరస్కరించడంతో, మన హైదరాబాద్ నాట్కో వంటి కంపెనీల చవక మందుకు అడ్డు తొలగింది.

మందు అందుబాటులోకి వచ్చింది, పరీక్షే ఆలస్యమవుతోంది. పాత అన్నం వాంతి కావడం, కొద్దిగా తినగానే కడుపు నిండటం, నల్లటి విరేచనం, బరువు తగ్గడం కనిపిస్తే మా కౌంటర్ దగ్గర ఆగకండి. డాక్టరు దగ్గరికి వెళ్లండి. అలా పంపడం మా షాపులవాళ్ల బాధ్యత కూడా.