తొట్టి కడిగితే మొక్క కరుగుతుంది

అక్వేరియం కొనుక్కున్నవాళ్లు చేపల మేతకు, లైట్లకు, ఈమధ్య కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లకు కూడా ధారాళంగా ఖర్చు పెడుతున్నారు. నీళ్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం బాత్రూం కుళాయి తిప్పి ఊరుకుంటున్నారు. ఆదివారం పొద్దున చేపల్ని బకెట్లోకి మార్చడం, తొట్టి మొత్తం ఖాళీ చేయడం, అడుగున ఉన్న గ్రావెల్‌ని కుళాయి కింద తెల్లగా తోమడం, మళ్లీ నిండా కొత్త నీళ్లు పోయడం చాలా ఇళ్లల్లో ఆనవాయితీ. చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది. తొట్టిలో ముందు వరసన నాటిన చిట్టి మొక్కకు మాత్రం అంతకు మించిన దెబ్బ లేదు.

అలాంటి మొక్కల్లో ఒకటి క్రిప్టోకోరైన్ పార్వా. సొంత ఊరు శ్రీలంక మధ్య కొండల్లోని కాండీ ప్రాంతం. ఆ దీవిలో తప్ప మరెక్కడా అది తనంతట తాను పెరగదు. 1970లో దానికి శాస్త్రీయ నామం పెట్టింది డచ్ వృక్షశాస్త్రవేత్త డి విట్. మన చేమ, కంద మొక్కలది ఏ కుటుంబమో దీనిదీ అదే. దగ్గరి చుట్టాలైన స్పైరాలిస్, రెట్రోస్పైరాలిస్ దక్షిణ భారతదేశపు వాగుల్లోనూ ఉన్నాయి. క్రిప్టోకోరైన్లలో అన్నిటికన్నా పొట్టిది పార్వాయే. తొట్టిలో బాగా ఎదిగినా అయిదారు సెంటీమీటర్లు దాటడం తక్కువ. అందుకే అద్దానికి దగ్గరగా, పచ్చిక పరిచినట్టు కనిపించాలని నాటుతారు.

నీళ్లలో పెరిగే పార్వాకు ఆకు వెడల్పు దాదాపు ఉండదు, అంతా కాడే. వెలుతురు పట్టుకునే చోటు తక్కువ కాబట్టి తోటి క్రిప్టోకోరైన్ల కంటే దీనికి వెలుగు ఎక్కువ కావాలి, ఎదుగుదలా చాలా నిదానం. కొద్ది సెంటీమీటర్ల ఎడంతో నాటిన పిలకలు దగ్గరగా అల్లుకోవడానికి దాదాపు ఆరు నెలలు పడుతుంది. వారానికి జానెడు పెరిగే మొక్కలు నీళ్లలో లోపం ఉన్నా కొత్త ఆకులతో ఎలాగో నెట్టుకొస్తాయి. పార్వాకు ఆ సత్తువ లేదు. ఒక ఆకు పోతే ఇంకో ఆకు రావడానికి వారాలు పడుతుంది.

నీళ్లు ఒక్కసారిగా మారినప్పుడు జరిగేదాన్ని అక్వేరియంవాళ్లు క్రిప్ట్ మెల్ట్ అంటారు. ముందు ఆకు మీద చిన్న చిన్న పారదర్శకమైన మచ్చలు కనిపిస్తాయి. అవి చిల్లులవుతాయి. కొద్ది రోజులకే ఆకు మొత్తం మెత్తబడి, వేలు తగిలిస్తే జిగటగా ఊడి వస్తుంది. ఇది చూడగానే మొక్క చచ్చిపోయిందనుకుని పీకి పారేస్తారు. నిజానికి గ్రావెల్ కింద దుంప గట్టిగా, తెల్లగా ఉంటే మొక్క బతికే ఉన్నట్టు. కుళ్లిన ఆకుల్ని కత్తిరించి తీసేసి, దుంపను కదపకుండా వదిలేస్తే మళ్లీ చిగురు వేస్తుంది. వేళ్లు కదిపితే ఆ చిగురూ ఆలస్యమవుతుంది.

దీనికి ఫలానా నీళ్లే కావాలన్న పట్టుదల లేదు. కాస్త మెత్తని నీళ్లలోనూ, ఓ మాదిరి కఠినమైన నీళ్లలోనూ బతుకుతుంది. ఈ వారం ఒకటి, వచ్చే వారం ఇంకొకటి అంటేనే తట్టుకోలేదు. మన నగరాల్లో సరిగ్గా అదే జరుగుతోంది. హైదరాబాద్ అపార్టుమెంట్లనే తీసుకోండి. జనం మంజీరా నీళ్లు అని పిలిచే కుళాయి నీళ్లు కృష్ణా నుంచీ, గోదావరి నుంచీ కూడా వస్తాయి. రోజు విడిచి రోజు వచ్చే ఆ నీళ్లు చాలని చోట్ల అదే సంపులోకి బోరు నీళ్లు తోడతారు. ఎండాకాలంలో ట్యాంకర్ వచ్చి అందులోనే గుమ్మరిస్తుంది. పై అంతస్తు కుళాయిలో ఏ రోజు ఏ నీళ్లు వస్తున్నాయో వాచ్‌మన్‌కి కూడా తెలియదు. మనిషికి ఆ తేడా సబ్బు నురగలో తెలిస్తే తెలుస్తుంది. మొక్కకు మాత్రం వేరు నుంచి ఆకు దాకా తెలుస్తుంది.

అందుకే మొదట కొనాల్సింది ఎరువు సీసా కాదు, కాఠిన్యం చూసే చుక్కల మందు. చిన్న గాజు గొట్టంలో అయిదు మిల్లీలీటర్ల నీళ్లు పోసి, ఒక్కో చుక్క వేస్తూ ఊపాలి. కార్బొనేట్ కాఠిన్యం పరీక్షలో నీలం రంగు ఒక్కసారిగా పసుపులోకి తిరుగుతుంది. అప్పటికి ఎన్ని చుక్కలు పడితే అన్ని డిగ్రీలు. ఒక డిగ్రీ అంటే లీటరుకు సుమారు 18 మిల్లీగ్రాములు. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన మొత్తం కాఠిన్యం హద్దు 200 మిల్లీగ్రాములు, వేరే గతి లేకపోతే 600 దాకా. అంటే పదకొండు డిగ్రీల నుంచి ముప్ఫై మూడు డిగ్రీల దాకా ఆ ప్రమాణం ప్రకారం మంచినీళ్లే! టీడీఎస్ పెన్ను చవకే, పనికొస్తుంది కూడా. అయితే నీళ్లలో లవణాలు ఎన్ని ఉన్నాయో చెబుతుంది తప్ప, అందులో కాల్షియం ఎంత, ఉప్పు ఎంత అన్నది చెప్పదు.

ఇక ఆదివారం కడుగుడు మానాలి. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. గ్రావెల్ మీద, ఫిల్టర్ స్పాంజి మీద స్థిరపడే బ్యాక్టీరియా చేపల మలమూత్రాల అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రేట్‌గా మారుస్తుంది. క్లోరిన్ కలిసిన కుళాయి కింద తోమితే ఆ బ్యాక్టీరియాలో చాలా భాగం పోతుంది. పీహెచ్ ఎక్కువగా, నీళ్లు వెచ్చగా ఉండే మన తొట్టెల్లో మిగిలిన అమ్మోనియా మరింత విషమవుతుంది. అడుగున్నర పొడవున్న తొట్టిలో సుమారు 40 లీటర్లు పడతాయి. అందులో వారానికి పది లీటర్లు మార్చితే చాలు. పోసే నీళ్లు ముందురోజే వెడల్పాటి బకెట్‌లో పట్టి ఉంచితే క్లోరిన్ ఎగిరిపోతుంది. క్లోరమైన్ అయితే అలా పోదు, దానికి విరుగుడు మందు వేయాల్సిందే. స్పాంజిని తొట్టిలోంచి తీసిన పాత నీళ్లలోనే పిండాలి.

పీహెచ్ తగ్గించే మందుల మీద ఈ వ్యాసకర్తకు సదభిప్రాయం లేదు. కఠినమైన నీళ్లలో ఆమ్లం పోస్తే పీహెచ్ దిగుతుంది, పుట్టిన కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోగానే మళ్లీ ఎక్కుతుంది. కొన్నవాళ్లు మళ్లీ పోస్తారు. మొక్కకు ఆ దిగడం, ఎక్కడమే హాని. కొన్నిట్లో ఉండే ఫాస్ఫేటు నాచుకు మేత కూడా అవుతుంది, నాచు ముందుగా పట్టేది నెమ్మదిగా పెరిగే ఆకుల్నే.

మరీ కఠినమైన బోరు నీళ్లే దిక్కయితే వాటిని సగానికి సగం ఆర్‌ఓ నీళ్లతో కలపడం మేలు. ఉత్త ఆర్‌ఓ నీళ్లు పనికిరావు, మొక్కకు కావలసిన కాల్షియం, మెగ్నీషియం అందులో దాదాపు ఉండవు. ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీళ్ల గురించీ ఆలోచించాలి, అవి ఇల్లు తుడవడానికో, బాత్రూముకో పోవాలి. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు లవణాలున్న చోట ఆర్‌ఓ వాడకం వద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో అన్నది ఈ వృథా చూసే. తొలి రెండు మూడు వానలు పోనిచ్చి, తర్వాత మేడ మీద పట్టిన వాన నీళ్లు కలపడానికి ఆర్‌ఓ నీళ్లకన్నా మంచివి. పావలా ఖర్చు లేదు. డ్రమ్ముకు మూత ఉంటే దోమల బెడదా ఉండదు.

ఎండాకాలం కథ వేరు. పార్వాకు 28 డిగ్రీలు దాటకుండా ఉంటే మంచిది. విజయవాడలోనో, రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం గదిలో ఉంచిన నీళ్లే అంతకంటే వేడి. పైగా 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు పడిపోతుంది. నీటి ఉపరితలం మీదుగా చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, కాకపోతే నీళ్లు ఆవిరవుతాయి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఆవిరయ్యేది నీరే, లవణాలు తొట్టిలోనే ఉండిపోతాయి. రోజుకు అర లీటరు తగ్గిందనీ, దాని బదులు 800 టీడీఎస్ బోరు నీళ్లు పోశారనీ అనుకుంటే నెలకు 12 గ్రాముల లవణాలు కొత్తగా చేరతాయి. 40 లీటర్ల తొట్టిలో అది లీటరుకు 300 మిల్లీగ్రాముల పెంపు. కాబట్టి ఆవిరైన లోటును ఆర్‌ఓ నీళ్లతోనో, వాన నీళ్లతోనో పూడ్చాలి. వారం వారం మార్చే నీళ్లు మాత్రం ఎప్పటిలాగే కలిపినవి పోయాలి.

దుకాణదారుల బాధ్యత కూడా ఉంది. మొక్క ధర రాసిన చీటీ మీదే తమ తొట్టిలో నీళ్ల కాఠిన్యం, టీడీఎస్ రాసి పెడితే కొన్నవాళ్లు ఇంటి నీళ్లతో పోల్చుకుంటారు. తేడా పెద్దదైతే మొక్కను దుకాణం నీళ్లతోనే ఒక డబ్బాలో పెట్టి, కొన్ని రోజులపాటు ఇంటి నీళ్లు కొంచెం కొంచెం కలుపుతూ పోవచ్చు. ఆ రెండు అంకెలు రాయడానికి పట్టేది అయిదు నిమిషాలు. కుళ్లిన మొక్కకు బదులు ఇంకో మొక్క అమ్ముకుందామనుకునే దుకాణం రాయదు. కాబట్టి కొనేటప్పుడు అడగాలి, చెప్పలేకపోతే అక్కడే చుక్కలు వేసి చూపించమనాలి.