ఆటల పీరియడ్ ఎవరు మింగుతున్నారు?

మీ ఇంట్లో ఎనిమిదో, తొమ్మిదో, పదో చదివే పిల్ల ఉంటే ఒకసారి టైంటేబుల్ తీసి చూడండి. వారంలో ఎక్కడో ఒకచోట ‘ఆటలు’ అని రాసి ఉంటుంది. ఆ పీరియడ్‌లో ఏం చేశావని పిల్లనే అడగండి. మా అమ్మాయి బడిలో అయితే ఆ పీరియడ్ లెక్కలకు పోతుంది. సిలబస్ కావాలి కదా అంటారు. సార్లను కూడా ఏమనలేం. మీటింగ్‌కు పోయిన తల్లిదండ్రులు అడిగేది మార్కుల గురించే కదా.

పదిహేడేళ్ళలోపు పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్ళు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2016 నాటి లెక్కల ప్రకారం ప్రపంచంలో 11 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 81 శాతం మందికి ఆ మాత్రం కదలిక లేదు. మగపిల్లల్లో 78 శాతం, ఆడపిల్లల్లో 85 శాతం. ఈ తేడా చూడాలంటే లెక్కలు కూడా అక్కర్లేదు. మన వేములవాడలో గానీ, సిరిసిల్లలో గానీ సాయంత్రం ఏ మైదానం దగ్గరైనా నిలబడితే చాలు. బ్యాట్ పట్టుకున్నది ఎవరు? ఆడపిల్లలు ఎక్కడ?

ఐదో తరగతి దాకా తొక్కుడుబిళ్ళ, ఖోఖో ఆడిన పిల్లే పెద్దమనిషి కాగానే మూలకు కూర్చుంటుంది. ఎండకు నల్లబడతావు, దెబ్బ తగిలితే ఎట్లా, అందరూ చూస్తారు అంటాం. ఇంటిపని చేస్తుంది కదా, అదే వ్యాయామం అనేవాళ్ళూ ఉన్నారు. గిన్నెలు తోమితే నడుము నొప్పి వస్తుంది గానీ దమ్ము రాదు. ఎముకలు గట్టిపడేది ఈ వయసులోనే. ఇప్పుడు కూడబెట్టుకున్న బలమే నలభై, యాభై దాటాక ఆడదానికి అక్కరకొస్తుంది.

మన పిల్లలకు చేతకాదా? బతుకమ్మ తొమ్మిది రోజులూ చూడండి. వంగుతూ, లేస్తూ, చప్పట్లు కొడుతూ గంటల తరబడి తిరుగుతారు. అలిసిపోయామన్న మాటే ఉండదు. ఎందుకంటే అక్కడ తోడుంది, చోటుంది, ఎవరూ తప్పు పట్టరన్న ధైర్యముంది. ఈ మూడూ ఏడాది పొడుగునా ఇవ్వగలిగింది బడి ఒక్కటే.

ఇచ్చిన బడులు ఉన్నాయి. నిజామాబాద్ జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ళకే ఎవరెస్ట్ ఎక్కింది. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివే పిల్ల, కూలినాలి చేసుకునే ఇల్లు. భువనగిరి గుట్ట మీద శిక్షణ ఇప్పించింది ఆ గురుకులమే. అందరూ కొండలెక్కాలని కాదు. బడి తలుచుకుంటే పేదింటి ఆడపిల్ల కాళ్ళకు ఎంత బలం వస్తుందో చెప్పడానికి ఈ మాట.

బడికి ఆటస్థలం, ఆట సామాను ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెబుతోంది. కాబట్టి మనం అడిగేది దానం కాదు. ఆటల పీరియడ్‌ను వేరే సబ్జెక్టుకు ఇవ్వొద్దు, పదో తరగతికి కూడా. వారంలో కొన్ని రోజులు మైదానం ఆడపిల్లలకే వదలాలి. మరుగుదొడ్డి, నీళ్ళు, ప్యాడ్లు ఉండాలి. నెలసరి రోజుల్లో ఆడాలా వద్దా అన్నది పిల్ల ఇష్టానికి వదిలేయాలి. స్థలం లేని ప్రైవేటు బడి అయితే తాడాట, కోలాటం మేడ మీదైనా ఆడించొచ్చు.

మొన్నటి మీటింగ్‌లో ఆటల పీరియడ్ సంగతి నేనొక్కదాన్నే అడిగాను. చూద్దాం అన్నారు. ఒక్కరు అడిగితే చూద్దాం అంటారు. ఇరవై మంది తల్లులు అడిగితే బంతి బయటికి తీయక తప్పదు.