డోలీ ఎత్తే ముందు, ఎత్తాక

వానలు మొదలైతే పోడు చేలల్లో, ఇళ్లల్లో పాముకాట్లు పెరుగుతాయి. 2000 నుంచి 2019 వరకు దేశంలో ఏటా సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోయారని పరిశోధకుల అంచనా. అందులో ఎక్కువ మంది పల్లె జనమే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషానికీ ఒకే విరుగుడు మందు ఉంది. మందు ఉండి కూడా మనిషి పోతున్నాడంటే, చాలాసార్లు దారిలో పోయిన టైమే కారణం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ టైమ్‌లో మన చేతిలో ఉన్న పని ఇది.

గాటు పెట్టొద్దు. నోటితో పీల్చొద్దు. తాడుతో బిగించి కట్టొద్దు, రక్తం ఆడక కాలే పోవచ్చు. ఉంగరాలు, కడియాలు, పట్టీలు తీసేయండి. కాటు పడ్డ కాలో చెయ్యో కదలకుండా కర్రబద్ద పెట్టి వదులుగా కట్టండి. నడిపించొద్దు. పాము వెంట పడొద్దు. గురువు మీద గౌరవం ఉంటే ఆయన్నీ వెంట రమ్మందాం, కానీ ఆగొద్దు. సిగ్నల్ దొరికే చోటికి ఒకరు ముందే పరుగెత్తి 108కి చెప్పాలి.

డోలీ ఎత్తాక మనిషిని చూస్తూ ఉండాలి. పిలిస్తే పలుకుతున్నాడా? రెప్పలు వాలుతున్నాయా? మాట ముద్దగా వస్తోందా? ఉమ్ము మింగగలుగుతున్నాడా? ఊపిరి ఎలా ఆడుతోంది? చిగుళ్ల నుంచి రక్తం వస్తోందా? వాపు పాకిన చోట పెన్నుతో గీత గీసి టైము రాయండి. వాంతి అవుతున్నా, స్పృహ తప్పుతున్నా ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వాపు లేదని ధీమా వద్దు. కట్లపాము రాత్రి నిద్రలో కరిస్తే గాటు కూడా కనపడకపోవచ్చు. తెల్లారేసరికి కడుపునొప్పి, వాలిన రెప్పలే గుర్తు.

ఇదంతా మనం నేర్చుకుంటే సర్కారు బాధ్యత మాఫీ అయిపోదు. సకాలంలో వైద్యం అందించకపోవడం ఆర్టికల్ 21 ఉల్లంఘనేనని 1996లో పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఒక చీటీ రాయండి: కాటు పడిన టైము, 108కి చేసిన టైము, రోడ్డెక్కిన టైము, ఆసుపత్రి చేరిన టైము. డాక్టరుకు అది రోగి పరిస్థితి చెప్తుంది. ఊరికి అది సాక్ష్యం.

ఈ వానలకు ముందే గ్రామసభలో ఒక్క ప్రశ్న పెట్టండి: మన పీహెచ్‌సీలో ఇవాళ పాము విషానికి మందు ఎన్ని వయల్స్ ఉన్నాయి?