స్కూబల్‌ను అమ్మొద్దు

2025 అక్టోబర్ 10 రాత్రి సియాటిల్‌లో డెట్రాయిట్ టైగర్స్ బేస్‌బాల్ జట్టు పిచర్ తారిక్ స్కూబల్ ఆరు ఇన్నింగ్స్ బంతులేసి 13 మందిని స్ట్రైకవుట్ చేశాడు. ఇచ్చింది ఒక్క పరుగు. పదిహేను ఇన్నింగ్స్ సాగిన ఆ మ్యాచ్‌లో టైగర్స్ బ్యాటర్లంతా కలిసి చేసింది రెండు పరుగులు. 3–2తో సియాటిల్ జట్టు మారినర్స్ చేతిలో ఓడి ఇంటిదారి పట్టారు. ఇంత జరిగాక డెట్రాయిట్ అభిమానులు తలలు పట్టుకోవాల్సింది బ్యాటింగ్ గురించి. వాళ్లేమో స్కూబల్‌ను ఏ జట్టుకు అమ్మితే ఎందరు కుర్రాళ్లు వస్తారో లెక్కలేస్తున్నారు. ఆ మ్యాచ్ అయినప్పటి నుంచీ అదే గోల.

వాళ్లు చెప్పేది ఒకటే పాట. 2026 సీజన్ అయిపోగానే స్కూబల్ ఫ్రీ ఏజెంట్ అవుతాడు, ఎక్కువ డబ్బిచ్చే జట్టుకు ఎలాగూ పోతాడు, అప్పుడు ఉత్తచేతులతో మిగిలే బదులు ధర ఉన్నప్పుడే వదిలించుకోవాలి. రేడియోలో మాట్లాడేవాళ్లు, టీవీలో కూర్చునే మాజీ ఆటగాళ్లు, టికెట్ కొనుక్కునే మామూలు అభిమాని, అందరూ ఇదే అంటున్నారు. ఎదురు చెప్పినవాణ్ని వ్యాపారం తెలియని అమాయకుడి కింద జమకడుతున్నారు.

బేస్‌బాల్ అలవాటు లేని పాఠకులకు ఒక మాట. అక్కడ ట్రేడ్ అంటే చాలావరకు డబ్బుకు అమ్మడం కాదు, ఆటగాణ్ని ఇచ్చి ఆటగాళ్లను తీసుకోవడం. మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు పూర్తయ్యేదాకా ఆటగాడి మీద హక్కు జట్టుదే, ఆ తర్వాత అతను ఫ్రీ ఏజెంట్, ఇష్టమైన జట్టుకు వెళ్లొచ్చు. ఆ గడువు దగ్గరపడిన పెద్ద పిచర్‌ను మరో జట్టుకిచ్చి, ఇంకా మైనర్ లీగ్‌లో ఆడుతున్న ముగ్గురు నలుగురు కుర్రాళ్లను తెచ్చుకోవడం ఇప్పుడు నడుస్తున్న పద్ధతి. ఆ కుర్రాళ్లను ప్రాస్పెక్టులంటారు. ఏటా వాళ్లకు ర్యాంకులిస్తారు. ఆ ర్యాంకులు చూసే అభిమానులు ట్రేడ్ లాభమో నష్టమో తేల్చేస్తున్నారు.

కాపుకొచ్చిన మామిడిచెట్టు నరికి, ఆ చోట నాలుగు టెంకలు పాతమని చెప్పడమే ఇది. ఆ పని డెట్రాయిట్ ఒకసారి చేసింది. చేసి పదేళ్లు కూడా నిండకముందే ఈ సలహా ఇస్తున్నారంటే వీళ్ల జ్ఞాపకశక్తిని ఏమనాలి?

పిచర్ జస్టిన్ వెర్లాండర్‌ను టైగర్స్ 2004లో, జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, రెండో ఆటగాడిగా తీసుకున్నారు. 2011లో 24 విజయాలతో, లీగ్‌లో మేటి పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు, అత్యంత విలువైన ఆటగాడికిచ్చే ఎంవీపీ అవార్డు రెండూ గెలిచాడు. డెట్రాయిట్ జెర్సీలో రెండు నో-హిట్టర్లు, అంటే ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్‌లు, వేశాడు. 2017 ఆగస్టు 31న, ట్రేడ్ గడువు ముగిసే అర్ధరాత్రికి కాస్త ముందు, అతన్ని హ్యూస్టన్ ఆస్ట్రోస్‌కు ఇచ్చేశారు. అప్పటికి అతనికి 34 ఏళ్లు. ముసలివాడైపోయాడు, జీతం భారం, మంచి ధర వచ్చింది అన్నారు. వచ్చిందేమిటో చూడాలి. ఫ్రాంక్లిన్ పెరెజ్, డాజ్ కామెరాన్, జేక్ రోజర్స్. ముగ్గురిలో గొప్పవాడని పేరు మోసిన పెరెజ్ గాయాలపాలై టైగర్స్ తరఫున మేజర్ లీగ్‌లో ఒక్క బంతి వేయలేదు. కామెరాన్ బ్యాటు పలకలేదు. రోజర్స్ ఒక్కడు మంచి క్యాచర్‌గా నిలిచాడు.

ఇక వెర్లాండర్. హ్యూస్టన్‌లో దిగి ఆ సెప్టెంబర్‌లో ఐదు మ్యాచ్‌లు ఆడి ఐదూ గెలిచాడు. అమెరికన్ లీగ్ చాంపియన్‌షిప్ సిరీస్‌లో ఎంవీపీ అయ్యాడు. ఆస్ట్రోస్ వరల్డ్ సిరీస్ గెలిచారు. 2019లో సై యంగ్. 39 ఏళ్ల వయసులో, 2022లో, 18–4 రికార్డుతో, 1.75 ఈఆర్ఏతో (తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచర్ సగటున ఇచ్చే పరుగుల లెక్క) మళ్లీ సై యంగ్. డెట్రాయిట్‌కు మాత్రం 2017లో 98 ఓటములు, 2018లో 98 ఓటములు, 2019లో 114 ఓటములు. 2013లో 30 లక్షలు దాటిన టైగర్స్ సొంత మైదానం కొమెరికా పార్క్ ప్రేక్షకుల సంఖ్య 2019కి దాదాపు 15 లక్షలకు పడిపోయింది. పునర్నిర్మాణం అని దానికి పేరు పెట్టారు. 2014 తర్వాత మళ్లీ ప్లేఆఫ్స్ ముఖం చూడ్డానికి ఆ జట్టుకు పదేళ్లు పట్టింది.

ఆ పదేళ్ల కరువు తీర్చిందెవరు? ఇప్పుడు అమ్మేయమంటున్న ఈ స్కూబలే.

అతన్ని అమ్మమనడం ఇది మొదటిసారి కూడా కాదు. 2024 జులైలోనూ ట్రేడ్ గడువు ముందు ఇదే కేక వేశారు. జట్టు ఎలాగూ గెలిచేది లేదు, ఇప్పుడిస్తే కొండంత వస్తుందన్నారు. టైగర్స్ జాక్ ఫ్లాహర్టీని డాడ్జర్స్‌కు ఇచ్చారు గానీ స్కూబల్‌ను ఉంచుకున్నారు. ఆగస్టు 10 నాటికి 55 గెలుపులు, 63 ఓటములు. ప్లేఆఫ్స్‌కు చేరే అవకాశం ఒక్క శాతం కూడా లేదని గణాంకాలవాళ్లు తేల్చేశారు. అక్కణ్నుంచి మిగిలిన 44 మ్యాచ్‌లలో 31 గెలిచారు. అక్టోబర్ 1న హ్యూస్టన్‌కు వెళ్లి, అదే ఆస్ట్రోస్ మీద, స్కూబల్ ఆరు ఇన్నింగ్స్ ఒక్క పరుగివ్వకుండా వేశాడు. సిరీస్ గెలిచారు. ఆ ఏడాది అతను విజయాల్లో, ఈఆర్ఏలో, స్ట్రైకవుట్లలో లీగ్‌లో మొదటివాడు. 18–4, 2.39, 228. మరుసటి ఏడాది 2.21 ఈఆర్ఏ, 241 స్ట్రైకవుట్లు, వరుసగా రెండో సై యంగ్. పెడ్రో మార్టినెజ్ 1999, 2000లలో చేసిన ఆ పని అమెరికన్ లీగ్‌లో ఆ తర్వాత చేసినవాడు ఇతనొక్కడే. 2024 జులైలో అమ్మమన్నవాళ్ల మాట విని ఉంటే ఇవన్నీ వేరే ఊళ్లో జరిగేవి. అప్పుడు తప్పు చెప్పినవాళ్లే ఇప్పుడు మళ్లీ నోరు చేసుకుంటున్నారు.

ర్యాంకుల మీద ఇంత గురి ఉన్నవాళ్లకు స్కూబల్ కథే జవాబు. 2018 డ్రాఫ్ట్‌లో అతను 255వ ఆటగాడు, తొమ్మిదో రౌండు. సియాటిల్ యూనివర్సిటీలో చదువుతుండగానే మోచేతికి టామీ జాన్ ఆపరేషన్ అయింది. ముప్పై జట్లూ ఒకటికి ఎనిమిదిసార్లు అతన్ని దాటి వెళ్లిపోయాయి. ఆ డ్రాఫ్ట్‌లో అందరికంటే మొదటి ఆటగాణ్ని తీసుకునే హక్కు కూడా డెట్రాయిట్‌దే. తీసుకున్నది కేసీ మైజ్‌ను. మైజ్ మంచి పిచరే, 2025లో ఆల్-స్టార్ అయ్యాడు. కానీ సై యంగ్‌లు తెచ్చింది 255వ వాడు. నిపుణులు కట్టిన ఈ వరసలో ఎవరు ఎక్కడ తేలతారో వాళ్లకే తెలియదు. అలాంటి జాబితాలో పన్నెండో పేరు, నలభయ్యో పేరు తెచ్చుకోవడానికి, రుజువైన ప్రపంచస్థాయి ఆటగాణ్ని ఇచ్చేయాలట.

పిచర్ చెయ్యి ఎప్పుడు విరుగుతుందో తెలియదు కదా అని ఒక భయం చూపిస్తారు. నిజమే. స్కూబల్‌కు 2022లో ముంజేతి కండర బంధానికి ఆపరేషన్ జరిగింది. కానీ బదులుగా వచ్చే కుర్ర పిచర్ల చేతులు ఇనుముతో చేసినవా? పెరెజ్ సంగతి మరిచారా? ఆ ప్రశ్న అక్కడితో ఆగాలి.

డెట్రాయిట్‌లో ఈ చర్చ ఎక్కడ మొదలైనా చివరికి జాన్ స్మోల్ట్జ్ దగ్గరికి వచ్చి తీరుతుంది. 1987 ఆగస్టు 12న టైగర్స్ లాన్సింగ్ కుర్రాడు స్మోల్ట్జ్‌ను అట్లాంటాకు ఇచ్చి 36 ఏళ్ల పిచర్ డోయల్ అలెగ్జాండర్‌ను తెచ్చుకున్నారు. స్మోల్ట్జ్ 213 విజయాలు, 154 సేవ్‌లు సాధించి 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లాడు. దాంతో కుర్రాణ్ని ఇవ్వడం మహాపాపం, కుర్రాణ్ని తేవడం మహాపుణ్యం అనే నమ్మకం ఆ ఊళ్లో నాటుకుపోయింది. అలెగ్జాండర్ ఏం చేశాడో ఎవరూ చెప్పరు. అతను దిగిన 11 మ్యాచ్‌లలో పదకొండూ టైగర్స్ గెలిచారు. అతని రికార్డు 9–0, ఈఆర్ఏ 1.53. ఆఖరి రోజు, అక్టోబర్ 4న, ఫ్రాంక్ టనానా 1–0తో టొరంటోను ఓడిస్తే టైగర్స్ 98 విజయాలతో డివిజన్ గెలిచారు. ఆ ఆఖరి వారం చూసినవాళ్లను అడగాలి, ఆ ఆనందాన్ని ఏ లెక్కలో వేస్తారో. స్మోల్ట్జ్‌లు తరానికి ఒకరిద్దరు. పెరెజ్‌లు, కామెరాన్‌లు ఏటా వస్తారు, పోతారు. ఆ సంగతి చెప్పకుండా స్మోల్ట్జ్ పేరొక్కటే జపించడం అభిమానులను మోసం చేయడం.

ఒక పిచర్ ఊరికి ఏమవుతాడో డెట్రాయిట్‌కు వేరే చెప్పాలా? 1976లో మార్క్ ఫిడ్రిచ్ అనే 21 ఏళ్ల కుర్రాడు, ఏడాదికి 16,500 డాలర్ల జీతంతో, బంతితో మాట్లాడుతూ, మోకాళ్ల మీద కూర్చుని, తాను బంతి వేసే మౌండ్ మట్టి చేత్తో సర్దుకుంటూ 19 మ్యాచ్‌లు గెలిచాడు. ఆ ఏడాది టైగర్స్ ఓడిన జట్టే. అయినా జూన్ 28న, సోమవారం రాత్రి, యాంకీస్ మీద అతను వేస్తున్నాడని 47 వేలకు పైగా జనం వచ్చారు. గెలిచాక అతను మళ్లీ బయటకు వచ్చేదాకా కుర్చీల్లోంచి కదల్లేదు. ఆ జనం అతని మీద జట్టుకు ఇంకా ఎన్నేళ్ల హక్కు ఉందో చూసి రాలేదు.

అలాంటివాణ్ని ఇచ్చేస్తే ఏమవుతుందో న్యూయార్క్ చూసింది. 1977 జూన్ 15న మెట్స్ యాజమాన్యం జీతం గొడవలో పిచర్ టామ్ సీవర్‌ను సిన్సినాటికి ఇచ్చేసింది. బదులుగా నలుగురు వచ్చారు. మరుసటి జూన్‌లో సీవర్ సిన్సినాటి తరఫున నో-హిట్టర్ వేశాడు. మెట్స్ 1977, 1978, 1979 మూడేళ్లూ డివిజన్‌లో అట్టడుగున ముగించారు. 1979లో మెట్స్ మైదానం షే స్టేడియానికి వచ్చినవాళ్లు ఏడాది మొత్తానికి 7,88,905 మంది. అప్పటి చైర్మన్ డొనాల్డ్ గ్రాంట్ పేరు చెబితే మెట్స్ అభిమానులు ఇప్పటికీ మండిపడతారు.

మిల్వాకీని చూడమంటారు. 2024 ఫిబ్రవరిలో పిచర్ కార్బిన్ బర్న్స్‌ను బాల్టిమోర్‌కు ఇచ్చి కూడా అక్కడి జట్టు బ్రూవర్స్ 2025లో 97 మ్యాచ్‌లు గెలిచారట. గెలిచారు. తర్వాత డాడ్జర్స్ పిచర్ల ముందు నిలబడి నాలుగు మ్యాచ్‌లలో నాలుగు పరుగులు చేసి ఇంటికెళ్లారు. అదే మిల్వాకీ 2008లో సీసీ సబాథియాను తెచ్చుకున్న కథ చెప్పరేం? మూడు నెలల్లోపు 17 మ్యాచ్‌లు, 11–2, 1.65 ఈఆర్ఏ, ఏడు మ్యాచ్‌లు ఆసాంతం తానే వేశాడు. చివర్లో మూడేసి రోజుల విశ్రాంతితోనే దిగాడు. 1982 తర్వాత ఆ జట్టు మొదటిసారి ప్లేఆఫ్స్ ఆడింది. సీజన్ అయ్యాక 161 మిలియన్ డాలర్లకు యాంకీస్‌కు వెళ్లిపోయాడు. అతను ఉత్తచేతులు మిగిల్చి పోయాడని ఆ ఊళ్లో అనేవాడుంటే చూపించాలి.

హైదరాబాద్ క్రికెట్ అభిమానికీ ఈ మంట తెలుసు. 2016లో సన్‌రైజర్స్‌కు కప్పు తెచ్చిన డేవిడ్ వార్నర్‌ను 2021లో కెప్టెన్సీ నుంచి తీసి, జట్టులోంచి తీసి, చివరికి వదిలేశారు. యాజమాన్యం లెక్క యాజమాన్యానికి ఉంటుంది. ఆ లెక్కను అభిమాని తన నోటితో ఎందుకు వల్లించాలి? డెట్రాయిట్ చుట్టూ ట్రాయ్‌లో, నోవైలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో స్థిరపడి, పిల్లల్ని కొమెరికా పార్క్‌కు తీసుకెళ్తున్న తెలుగు కుటుంబాలకూ ఈ ప్రశ్నే.

అసలు కోపం తిరగాల్సింది యజమాని వైపు. మైక్ ఇలిచ్ యజమానిగా ఉన్న రోజుల్లో మిగెల్ కాబ్రెరాకు 2014లో ఎనిమిదేళ్ల పొడిగింపుకు 248 మిలియన్ డాలర్లిచ్చారు. ఆ ఏడాదే పిచర్ మ్యాక్స్ షెర్జర్‌ను చేజార్చుకున్నారు. ఏడేళ్లకు 210 మిలియన్లిచ్చి తీసుకున్న వాషింగ్టన్‌కు అతను రెండు సై యంగ్‌లు, 2019 వరల్డ్ సిరీస్ తెచ్చిపెట్టాడు. పిచర్‌కు పెద్ద కాంట్రాక్ట్ దండగ అనేవాళ్లు షెర్జర్‌ను ఏం చేస్తారు? మైక్ ఇలిచ్ 2017లో పోయారు. జట్టు ఇప్పుడు కొడుకు క్రిస్టఫర్ ఇలిచ్ చేతిలో ఉంది. స్కూబల్ అడిగేది తక్కువ ఉండదు. ఇవ్వాలి. టికెట్ల డబ్బు, టీవీ డబ్బు వస్తున్నది ఇలాంటివాళ్ల వల్లే.

ఇవ్వనంటే కూడా 2026 పూర్తిగా ఆడించి, ఆ అక్టోబర్‌లో గెలవడానికి చూడాలి. వెళ్లిపోతే డ్రాఫ్ట్‌లో ఒక అదనపు అవకాశం వస్తుంది. స్కూబల్ కూడా డ్రాఫ్ట్‌లో దొరికినవాడే.

టైగర్స్ ఆఖరిసారి వరల్డ్ సిరీస్ గెలిచింది 1984లో. ఆ తర్వాత స్కూబల్ లాంటి పిచర్లు ఆ ఊరికి ఎందరొచ్చారో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. డెట్రాయిట్ అభిమానులారా, ఎవరొస్తారని అడగడం మానండి. స్కూబల్‌కు ఎంతిస్తారని క్రిస్టఫర్ ఇలిచ్‌ను అడగండి. జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.