ఫ్లాటు యజమానికి దిక్కెవరు?

హైదరాబాద్‌లోనో విశాఖలోనో విజయవాడలోనో ఫ్లాటు కొన్న కుటుంబం రిజిస్ట్రేషన్ నాటి నుంచే ఇంకో పాలన కిందికి వస్తుంది. అది అపార్ట్‌మెంట్ ఓనర్ల అసోసియేషన్ పాలన. నెలనెలా మెయింటెనెన్స్ ఎంత కట్టాలో అదే నిర్ణయిస్తుంది. ఆలస్యమైతే జరిమానా వేస్తుంది. ఇల్లు బ్యాచిలర్లకు అద్దెకివ్వాలా వద్దా, పిల్లలు ఎక్కడ ఆడుకోవాలి, పనిమనిషి ఏ లిఫ్టు ఎక్కాలి అన్నవి కూడా అదే శాసిస్తుంది. బకాయిపడినవారి పేరు నోటీసు బోర్డుకు ఎక్కిస్తుంది, నీళ్లు ఆపేస్తామని హెచ్చరిస్తుంది. డబ్బు వసూలు చేయడం, కట్టుబాట్లు విధించడం, మీరినవారిని శిక్షించడం ప్రభుత్వానికి ఉండే అధికారాలు. ప్రభుత్వం వాటిని ప్రయోగించేటప్పుడు ఆడిట్ ఉంటుంది, సమాచార హక్కు ఉంటుంది, ఎన్నికల సంఘం ఉంటుంది. అసోసియేషన్ విషయంలో ఇవేవీ లేవు. ఈ సంఘాల లెక్కలు, ఎన్నికలు, భవన భద్రత, తగవుల పరిష్కారం చూడటానికి రెండు తెలుగు రాష్ట్రాలూ చట్టం చేసి ప్రత్యేక ప్రాధికార సంస్థలను నెలకొల్పాలి. ఇక ఆలస్యం తగదు.

అసలు లోపం చట్టం పునాదిలోనే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1987లో చేసిన అపార్ట్‌మెంట్ల చట్టం ఉమ్మడి స్థలాల్లో ఓనర్లకు అవిభాజ్య వాటా ఇచ్చింది, వారంతా సంఘంగా ఏర్పడాలంది. కానీ ఆ సంఘాలు రిజిస్టరయ్యేది ఎక్కువగా 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద. కొన్ని 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నడుస్తున్నాయి. ఈ రెండూ ఇష్టపడి చేరేవారి కోసం రాసిన చట్టాలు. సాహితీ సంస్థలో చేరిన సభ్యుడికి కార్యవర్గం పద్ధతి నచ్చకపోతే రాజీనామా చేసి తన దారి తాను చూసుకుంటాడు. ఫ్లాటు ఓనరుకు ఆ దారి లేదు. సేల్ డీడ్‌తోపాటే సభ్యత్వం వస్తుంది, ఇల్లు అమ్ముకుంటే తప్ప పోదు. వద్దన్నా వదలని సభ్యత్వాన్ని స్వచ్ఛంద సంఘాల చట్రంలో ఇరికించాం. సభ్యుడికి రక్షణ లేకపోవడానికి మూలం ఇదే.

అన్యాయం జరిగిందనుకున్న ఓనరు ఎక్కడికి వెళ్లాలి? సొసైటీల రిజిస్ట్రార్ కార్యవర్గం దాఖలు చేసిన జాబితాలు తీసుకుని ఫైల్లో పెడతారు. ఒకే అపార్ట్‌మెంటుకు రెండు కమిటీలు తయారై మాదంటే మాదని పోట్లాడుకుంటున్నా, ఎవరిది న్యాయమో తేల్చే అధికారం ఆయనకు లేదు. సొసైటీల చట్టంలోని 23వ సెక్షన్ చూపించే దారులు రెండే: మధ్యవర్తిత్వం, జిల్లా కోర్టు. పది వేల రూపాయల తప్పుడు జరిమానా మీద జిల్లా కోర్టుకు వెళ్లే ఉద్యోగి ఎవరు? లాయరు ఫీజే అంతకు రెట్టింపవుతుంది, తీర్పుకు ఏళ్లు పడుతుంది. పోలీసుల దగ్గరికి వెళితే సివిల్ తగాదా అంటారు. రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాకు వెళ్దామంటే, 2016 నాటి ఆ చట్టం పరిధి ప్రధానంగా బిల్డర్లు, ఏజెంట్లు. సంఘం ఏర్పడేలా చూడటం, ఉమ్మడి స్థలాలను, పత్రాలను దానికి అప్పగించడం, ఐదేళ్లపాటు నిర్మాణ లోపాలను సరిచేయడం బిల్డరు బాధ్యతలని ఆ చట్టం స్పష్టంగా చెప్పింది. అప్పగింత పూర్తయ్యాక సంఘానికీ సభ్యుడికీ మధ్య వచ్చే తగవును అది పట్టించుకోదు. కొనుగోలుదారుకు బిల్డరు నుంచి రక్షణ ఇచ్చిన ప్రభుత్వం, ఇంట్లో దిగాక అతన్ని అతని ఖర్మకు వదిలేసింది.

ఈ సంఘాల చేతుల్లో తిరిగే డబ్బు తక్కువేమీ కాదు. 500 ఫ్లాట్ల సముదాయంలో ఇంటికి నెలకు 5,000 రూపాయల మెయింటెనెన్స్ అనుకుంటే ఏడాదికి 3 కోట్లవుతుంది. చాలా గ్రామ పంచాయతీల వార్షికాదాయం అంత ఉండదు. అయినా పంచాయతీ లెక్కలను రాష్ట్ర ఆడిట్ శాఖ తనిఖీ చేస్తుంది. అసోసియేషన్ లెక్కలను కమిటీకి తెలిసిన ఆడిటరే చూసి సంతకం పెడితే అంతటితో సరి. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, లిఫ్టులు, డీజిల్, నీటి ట్యాంకర్ల కాంట్రాక్టులు ఎవరికి, ఏ ధరకు ఇచ్చారో సభ్యులకు చెప్పని కమిటీలున్నాయి. రిజిస్ట్రేషన్ సమయంలో చదరపు అడుగుకు ఇంతని వసూలు చేసిన కార్పస్ ఫండ్‌ను ఏళ్ల తరబడి అప్పగించని బిల్డర్లున్నారు. నెలవారీ మెయింటెనెన్స్ 7,500 రూపాయలు, సంఘం వార్షిక టర్నోవరు 20 లక్షలు దాటితే 18 శాతం జీఎస్టీ కట్టాలి. పన్ను వసూలు చేసుకునేటప్పుడు ప్రభుత్వ కంటికి కనిపించే సంఘం, ఆ పన్ను కట్టిన మనిషి లెక్క అడిగేసరికి ప్రైవేటు వ్యవహారమైపోతోంది. ఈ ద్వంద్వ నీతిని సమర్థించుకోవడం కష్టం.

ఎన్నికల తీరూ ఇంతే. ఓటరు జాబితా తయారు చేసేది పదవిలో ఉన్న కమిటీయే, ఎన్నికల అధికారిని నియమించేదీ అదే. అమ్ముడుపోని ఫ్లాట్ల ఓట్లతో బిల్డరు తన మనుషులను నిలబెట్టుకోవచ్చు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటూ ఇక్కడ ఫ్లాటు కొన్న తెలుగువారు ప్రాక్సీ కాగితం మీద ఆధారపడాలి. ఆ కాగితం చెల్లుతుందో లేదో తేల్చేది కూడా పోటీలో ఉన్నవారే. అద్దెకుండేవారికైతే మెయింటెనెన్స్ భారమే తప్ప నోరెత్తే హక్కు లేదు. పార్కింగ్ సంగతీ అంతే. స్టిల్ట్ పార్కింగ్‌ను విడిగా అమ్ముకునే హక్కు బిల్డరుకు లేదని మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. అయినా పార్కింగ్ గొడవలు ఇప్పటికీ తెగడం లేదు. తీర్పును అమలు చేయించే యంత్రాంగం దగ్గరలో లేనప్పుడు అత్యున్నత న్యాయస్థానం చెప్పిన మాట కూడా సెల్లారు దాకా దిగదు.

డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు, ప్రాణం పోతే తిరిగి రాదు. 2021 జూన్ 24 తెల్లవారుజామున అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం సర్ఫ్‌సైడ్‌లో చాంప్లైన్ టవర్స్ సౌత్ అనే 12 అంతస్తుల భవనం కూలి 98 మంది చనిపోయారు. అది 1981లో 136 ఫ్లాట్లతో కట్టిన భవనం. ఈత కొలను పక్క శ్లాబు మీద నీరు నిలిచి కాంక్రీటు దెబ్బతింటోందని 2018లోనే ఇంజినీరు నివేదిక ఇచ్చారు. మరమ్మతులకు కోటిన్నర డాలర్ల దాకా కావాల్సి వచ్చింది, సంఘం నిధిలో అంత లేదు. ఓనర్లు వాదులాడుకున్నారు, కమిటీ సభ్యులు రాజీనామాలు చేశారు, పనులు ఏళ్ల తరబడి వాయిదా పడ్డాయి. డిజైన్‌లోనే బలహీనతలు ఉన్నాయని తర్వాత దర్యాప్తులో బయటపడింది. కానీ ముందే అందిన హెచ్చరిక మీద కదలలేకపోయింది సంఘమే. మరమ్మతుల కోసం కూడబెట్టాల్సిన నిధిని ఓటు వేసుకుని ఎగవేసే వెసులుబాటు నాటి ఫ్లోరిడా చట్టంలో ఉండేది. 2022లో ఆ రాష్ట్రం మూడు లేదా అంతకన్నా ఎక్కువ అంతస్తులున్న పాత భవనాలకు తనిఖీని తప్పనిసరి చేసింది, నిర్మాణ మరమ్మతుల నిధిని ఎగవేసే వీలును ఎత్తేసింది. దశాబ్దాలపాటు దాటవేసిన ఖర్చంతా ఒక్కసారిగా మీద పడటంతో అక్కడి పింఛనుదార్లు అల్లాడారు. 2025లో కొంత సడలింపు ఇవ్వక తప్పలేదు. హిమాయత్‌నగర్, అమీర్‌పేట, విజయవాడ లబ్బీపేటల్లో 1980లు, 90ల నాటి అపార్ట్‌మెంట్లు ఇప్పుడు ఆ వయసుకు వస్తున్నాయి. కోకాపేటలో యాభై అంతస్తులు దాటిన టవర్లు లేస్తున్నాయి. వాటికి ముప్పై ఏళ్లు నిండేదాకా ఆగి అప్పుడు చట్టం గురించి ఆలోచించడం తెలివైన పని కాదు.

ప్రభుత్వం చేయి పెడితే ఉన్నదీ చెడుతుందన్న అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. సహకార రంగంలో తెలుగునేలకు ఆ చేదు బాగా తెలుసు. ఎన్నికలు వాయిదా వేయడం, ఎన్నికైన పాలకవర్గాలను రద్దు చేసి పర్సన్ ఇన్‌చార్జిలను కూర్చోబెట్టడం చూసి విసిగిన తర్వాతే, 1995లో దేశంలో అందరికంటే ముందు స్వయంప్రతిపత్తి చట్టం ఇక్కడ వచ్చింది. ఆ అనుభవం నేర్పిన పాఠాన్ని కొత్త చట్టంలోనే రాసుకోవాలి. ప్రాధికార సంస్థకు కమిటీని రద్దు చేసే అధికారం ఉండకూడదు, అధికారిని పాలకుడిగా నియమించే అధికారం ఉండకూడదు, మెయింటెనెన్స్ ఎంతో నిర్ణయించే అధికారం అసలే ఉండకూడదు. గడువు తీరిన కమిటీకి ఎన్నికలు జరపమని ఆదేశించడం, జరపకపోతే స్వతంత్ర ఎన్నికల అధికారితో జరిపించడం చాలు. మహారాష్ట్రలో హౌసింగ్ సొసైటీలకు ఏటా ఆడిట్ తప్పనిసరి, బకాయిలకు రిజిస్ట్రార్ వసూలు ధ్రువపత్రం ఇస్తారు. ఆ రెండూ మనం తెచ్చుకోదగినవి. అక్కడి అడ్మినిస్ట్రేటర్ల పద్ధతిని మాత్రం దరిచేరనీయకూడదు. ఇల్లు నడపడం ఇంటివారి పనే. లెక్క చెప్పించడం, తగవు తీర్చడం మాత్రం ప్రభుత్వ బాధ్యత.

జీతం లేకుండా సాయంత్రాలు ధారపోసే కార్యదర్శులను ఇలా వేధిస్తే రేపు ఎవరూ ముందుకు రారన్నది రెండో అభ్యంతరం. నిజాయతీగా పనిచేస్తున్న కమిటీలు ఎన్నో ఉన్నాయి, వారి శ్రమ వల్లే వేల అపార్ట్‌మెంట్లు శుభ్రంగా, భద్రంగా ఉన్నాయి. ఈ చట్టం వారికీ కావాలి. ఇవాళ ఏళ్ల తరబడి మెయింటెనెన్స్ కట్టని ఓనరు నుంచి చట్టబద్ధంగా వసూలు చేయడం వారివల్ల కావడం లేదు. అందుకే నీళ్లు ఆపడం, పేరు బోర్డుకు ఎక్కించడం లాంటి అడ్డదారులు తొక్కుతున్నారు. ఆ తర్వాత తామే కేసుల్లో చిక్కుకుంటున్నారు. వసూలు ధ్రువపత్రం చేతికొస్తే ఆ అవసరమే ఉండదు. లెక్కలన్నీ ఒకే నమూనాలో అందరికీ కనిపించేలా పెడితే వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే నిందలకు కార్యదర్శి సంజాయిషీలు చెప్పుకుంటూ కూర్చోనక్కర్లేదు. సదుద్దేశంతో తీసుకున్న నిర్ణయాలకు వ్యక్తిగత బాధ్యత నుంచి రక్షణ కూడా చట్టం ఇవ్వాలి. పారదర్శకత వల్ల ఇబ్బందిపడేది దాచుకోవడానికి ఏదో ఉన్నవారు మాత్రమే.

పది ఫ్లాట్ల అపార్ట్‌మెంటుకు ఇంత తతంగం ఎందుకు, దీని ఖర్చు ఎవరు భరిస్తారు అని అడిగేవారికీ జవాబుంది. చిన్న భవనాలకు ఒక పేజీ వార్షిక లెక్క, భవన తనిఖీ చాలు. వందల ఫ్లాట్ల సముదాయాలకే పూర్తి నిబంధనలు పెట్టాలి. ఖర్చు విషయంలో కెనడాలోని ఒంటారియో రాష్ట్రం దారి చూపింది. 2017లో అక్కడ కాండోమినియం ప్రాధికార సంస్థ, ఆన్‌లైన్ ట్రైబ్యునల్ మొదలయ్యాయి. ఫ్లాటుకు నెలకు ఒక డాలరు చొప్పున సంఘాల నుంచి తీసుకునే రుసుముతో ఆ వ్యవస్థ ఏర్పడింది. రికార్డులు చూపించడం లేదన్న ఫిర్యాదులతో మొదలుపెట్టి, పార్కింగ్, పెంపుడు జంతువులు, శబ్దం వంటి తగవుల దాకా దాని పరిధిని క్రమంగా పెంచారు. ఫిర్యాదు ఇంటి నుంచే వేయవచ్చు, ముందు రాజీ ప్రయత్నం, కుదరకపోతే తీర్పు. మీసేవ, ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్లను జనానికి అలవాటు చేసిన తెలుగు రాష్ట్రాలకు ఇది చేతకాని పని కాదు.

కాబట్టి చట్టంలో ఉండాల్సినవి స్పష్టం. ప్రతి సంఘం పేరు, కమిటీ, గడువు, ఆడిట్ అయిన లెక్కలు సభ్యులందరికీ కనిపించే బహిరంగ రిజిస్టరు ఉండాలి. కార్పస్ ఫండ్‌ను వడ్డీతో సహా నిర్ణీత గడువులో అప్పగించని బిల్డరుపై చర్య ఉండాలి. భవనం ముప్పై ఏళ్లకు చేరకముందే నిర్మాణ తనిఖీ, మరమ్మతుల నిధి తప్పనిసరి కావాలి. కుటుంబ నేపథ్యాన్ని, వృత్తిని, పెళ్లికానితనాన్ని సాకుగా చూపి అద్దెదార్లను వెళ్లగొట్టే బైలాలు, పనివారిని అవమానించే నియమాలు చెల్లకూడదు. నీళ్లు, కరెంటు, లిఫ్టు ఆపడం శిక్షగా వాడటాన్ని నిషేధించాలి. తగవులపై తొంభై రోజుల్లో తీర్పు రావాలి. రెండు ప్రభుత్వాలూ ముసాయిదాను వచ్చే శాసనసభ సమావేశాల్లోపు ప్రజల ముందు పెట్టాలి. సంఘాలతోపాటు అద్దెదార్ల అభిప్రాయాలూ తీసుకోవాలి. జీవితకాలపు పొదుపును, ఇరవై ఏళ్ల ఈఎంఐలను ఒక ఫ్లాటులో పోసిన మధ్యతరగతి మనిషి ప్రభుత్వానికి స్టాంపు డ్యూటీ కట్టాడు, ఆస్తిపన్ను కడుతున్నాడు, జీఎస్టీ కూడా కడుతున్నాడు. తన డబ్బు ఏమైందని తన సొంత సంఘాన్ని అడిగి జవాబు రాబట్టుకునే హక్కును అతనికి చట్టం ఇవ్వాలి. ఆ హక్కు ఇప్పటికే ఆలస్యమైంది.